పేరు మార్చుకున్న రూపాయి
(ఆన్‌లైన్ ఆటలు, వాటిలోని డబ్బు, మన శీలం: గృహస్థుల కోసం ధమ్మ పాఠం)



ఈసారి పాఠాన్ని సుత్తం నుంచి కాకుండా ఒక ఇంటి నుంచి మొదలుపెడదాం. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల బస్తీల్లో మూడు నాలుగు ఇళ్లలో విన్న మాటలను కలిపి ఒకే ఇంటి కథగా రాస్తున్నాం. ఎవరి పేరూ పెట్టలేదు. ఇది ఫలానా వాళ్లదే అని వెతకవద్దు. మన ఇల్లు కూడా కావచ్చు.

1. "పైసలు ఖర్చు పెట్టలే నాయినా"

తండ్రిది మేడ్చల్ హైవే పక్కన ఒక గోదాంలో సరుకు ఎక్కించి దించే పని. పని దొరికిన రోజు 600 రూపాయలు. తల్లి శామీర్‌పేట వైపు రెండు ఇళ్లలో వంట చేస్తుంది. మహిళా పొదుపు సంఘంలో సభ్యురాలు. కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంట్లో ఉన్నది ఒకటే మంచి ఫోన్. అది కరోనా సెలవుల్లో బడి పాఠాల కోసం అప్పు చేసి కొన్నది.

సంఘం కిస్తు కట్టాల్సిన రోజు తల్లి బ్యాంకుకు పోయింది. ఖాతాలో 18,400 ఉండాలి. 1,150 ఉన్నాయన్నారు. కాగితం తీసి చూస్తే పెద్ద మొత్తం ఒక్కటీ లేదు. 79, 159, 399, 799... ఇట్లా నలభై మూడు సార్లు. అన్నీ రాత్రి పదకొండు దాటినాక పోయినవే.

సాయంత్రం తండ్రి కొడుకును నిలబెట్టి అడిగిండు. "పైసలు ఏడికి పోయినయ్ రా?"

"నేను పైసలు ఖర్చు పెట్టలే నాయినా. డైమండ్లు కొన్న, అంతే."

దొంగతనం చేసిందీ గాక అబద్ధం కూడా ఆడుతున్నడని తండ్రికి కోపమొచ్చింది. చెయ్యి చేసుకున్నడు. పిల్లవాడు రెండు రోజులు అన్నం తినలేదు. తల్లి సంఘంలో ఏం చెప్పాలో తెలియక, ఇంకోచోట అప్పు తెచ్చి కిస్తు కట్టింది.

మిత్రులారా, ఈ కథలో ఒక్క మాటను పట్టుకుందాం. ఆ పిల్లవాడు తండ్రిని మోసం చేయాలని ఆ మాట అనలేదు. వాడికి నిజంగానే అట్లా తోచింది. పైసలు అంటే నాయిన తెచ్చేవి, అమ్మ లెక్కపెట్టేవి. డైమండ్లు అంటే ఆటలోవి. ఆ రెండూ ఒకటేనన్న సంగతి వాడి మనసులోంచి జారిపోయింది. అది ఎట్లా జారిపోయిందో తెలుసుకోవడమే ఈ పాఠం.

2. ఆటలోపల బజారు

ఈ ఆటలు చాలావరకు ఉచితం. ఒకేసారి ఎంతోమంది ఎక్కడెక్కడి నుంచో కలిసి ఆడతారు. ఉచితంగా ఇచ్చినవాడికి ఆదాయం ఎక్కడి నుంచి? ఆట లోపల ఒక బజారు ఉంటుంది. అక్కడ వేషాలు, తుపాకుల రంగులు, గెలిచినప్పుడు వేసే డ్యాన్సులు అమ్ముతారు. ఆ బజారులో రూపాయి చెల్లదు. ముందు రూపాయిని ఆట నాణెంగా మార్చుకోవాలి. ఫ్రీ ఫైర్‌లో దాని పేరు డైమండ్. బీజీఎంఐలో యూసీ. రోబ్లాక్స్‌లో రోబక్స్.

మధ్యలో ఈ నాణెం ఎందుకు? మూడు పనులు చేస్తుంది కాబట్టి.

మొదటిది, లెక్క మరిపిస్తుంది. చొక్కాకు 1,200 రూపాయలు అంటే ఆగి ఆలోచిస్తాం. కొన్ని డైమండ్లు అంటే వేలు దానంతటదే నొక్కేస్తుంది.

రెండవది, కట్టలుగా అమ్మడం. మనకు కావలసిన వస్తువు ధర, మనం కొన్న నాణేల కట్ట ఎప్పుడో గానీ సరిగ్గా సరిపోవు. కొన్ని మిగులుతాయి, లేదా కొన్ని తక్కువ పడతాయి. మిగిలినవి వృథా పోవద్దని ఇంకో కట్ట కొంటాం.

మూడవది, దారి ఒకవైపే. రూపాయి డైమండ్ అవుతుంది గానీ డైమండ్ మళ్లీ రూపాయి కాదు. సంతలో కొన్న మేకను అవసరం పడితే అమ్ముకోవచ్చు. దీన్ని ఆటలోపల అమ్ముకోలేం.

ఆ నాణేలతో వస్తువును నేరుగా కొనడం ఒక పద్ధతి. పెట్టె తెరవడం ఇంకో పద్ధతి. పెట్టెలో ఏముందో తెలియదు. డబ్బు ముందు, ఫలితం తర్వాత. కావలసింది రాకపోతే మళ్లీ తెరవాలి. ఇది పాచికలు వేయడం కాక మరేమిటి? డబ్బు పెట్టి తెరిచే ఇట్లాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం దేశంలో జూద నియంత్రణ సంస్థ 2018లో తేల్చింది.

ఇక ఆట బయట ఇంకో బజారు ఉంది. బాగా పెంచిన ఐడీలను పిల్లలు టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకుంటారు, కొనుక్కుంటారు. ఐడీలు అమ్మడాన్ని ఆట కంపెనీల నిబంధనలే ఒప్పుకోవు. డబ్బు తీసుకుని ఐడీ ఇవ్వకపోయినా, ఇచ్చిన ఐడీని మళ్లీ లాక్కున్నా కంపెనీని అడిగే వీలు ఉండదు.

"ఆడితేనే సంపాదన" అనే మాట కూడా ఈ తరం పిల్లల చెవిన పడుతోంది. దాని ముగింపు ఏమిటో ఫిలిప్పీన్స్ ప్రజలు చూశారు. కరోనా కాలంలో పనులు పోయిన చాలామంది అక్కడ యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆటను బతుకుదెరువుగా పట్టుకున్నారు. కొందరు అప్పు తెచ్చి మరీ ఆటలోని జీవులను కొన్నారు. 2021లో రోజు కూలి కంటే ఎక్కువే వచ్చింది. కొత్తగా చేరేవాళ్లు తగ్గేసరికి ఆ ఆట టోకెన్ విలువ కుప్పకూలింది. 2022 మార్చిలో ఆ ఆటకు సంబంధించిన నెట్‌వర్క్ నుంచి దొంగలు 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన సొమ్ము కాజేశారు. ఆడి సంపాదించినవాళ్లు ఉన్నారు. చివర్లో వచ్చినవాళ్లకు అప్పు మిగిలింది.

3. చట్టం గీసిన గీత

"ఇది జూదం కాదన్నా, నైపుణ్యం" అనే మాట గోదాం మెట్ల మీద కూడా వినిపిస్తుంది. ఆ మాటకు మన దగ్గరే ఒక పాత చరిత్ర ఉంది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం గల ఆట అని 1967 నవంబరులో కోర్టు చెప్పింది. లక్షల మంది ఫోన్లలో ఆడే రోజులు వచ్చాక కూడా యాప్‌ల వాళ్లు చాలాకాలం ఆ తీర్పునే చూపించారు.

తెలంగాణ ప్రభుత్వం 2017లో, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపును తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు పెట్టి ఆడించే ఆట నిషేధం. దాని ప్రకటనలూ నిషేధమే. నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లను శిక్షించే నిబంధన మాత్రం పెట్టలేదు. ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బు పందెం లేని ఆటలను వేరుగా ఉంచింది.

ఆ చట్టంలో మన పాఠానికి పనికొచ్చే ఒక తెలివైన మాట ఉంది. పందెం అంటే రూపాయి ఒక్కటే కాదు. డబ్బు పెట్టి కొన్న నాణెం, టోకెన్, క్రెడిట్, దాన్ని ఏ పేరుతో పిలిచినా పందెమే అంది. పేరు మారినంత మాత్రాన వస్తువు మారదని చట్టం కూడా గుర్తించింది.

కానీ చట్టం గీత ఒకచోట ఆగుతుంది. డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ ఉందా లేదా అని అది చూస్తుంది. మన కథలోని పిల్లవాడికి డబ్బు తిరిగి రావాలన్న ఆశ లేదు. ఒక వేషం కావాలి, అంతే. కాబట్టి వాడు ఆడింది చట్టం చెప్పే డబ్బు ఆట కాకపోవచ్చు. అయినా 17,250 రూపాయలు పోయాయి. అంటే ఇరవై తొమ్మిది రోజుల కూలి. చట్టం ఆగిన చోట నుంచి మనల్ని మనం చూసుకోవడానికే శీలం ఉంది.

4. సిగాలునికి చెప్పిన మాట

రాజగృహం వేణువనంలో ఉన్నప్పుడు భగవానుడు సిగాలుడనే గృహస్థ యువకునికి చేసిన బోధ దీఘనికాయంలో ఉంది. సంపద కారిపోయే ఆరు దారులను అందులో చెప్పారు. మత్తు, వేళకాని వేళ వీధుల్లో తిరగడం, అదేపనిగా వినోదాల వెంట పడటం, జూదం, చెడు స్నేహం, సోమరితనం. రాత్రి పదకొండు తర్వాత పక్కలో పడుకుని ఫోన్ వెలుగులో ఆడే పిల్లవాడు ఈ ఆరింటిలో ఎన్నింటిని ఒకేసారి తాకుతున్నాడో మీరే లెక్కపెట్టండి. వీధి గడప దాటకుండానే వేళకాని వేళ తిరుగుతున్నాడు.

జూదం వల్ల ఆరు నష్టాలు చెప్పారు. గెలిస్తే పగ పుడుతుంది. ఓడితే పోయినదాని కోసం ఏడుపు. చేతిలో ఉన్న ధనం కళ్లముందే తరిగిపోతుంది. నలుగురిలో మాటకు విలువ ఉండదు. స్నేహితులు చులకనగా చూస్తారు. పెళ్లి సంబంధం కలుపుకోవడానికి ఎవరూ ముందుకు రారు. ఇవాళ మన దగ్గర సంబంధం చూసేటప్పుడు "పిల్లగాడు తాగుతడా?" అని అడిగినట్టే "ఫోన్‌ల ఆడుతడా?" అని కూడా అడుగుతున్నారు. రెండున్నర వేల ఏళ్ల కింది మాట మన గడపలో నిలబడి ఉంది.

ఇందులో ఒక పాలి పదాన్ని గమనించాలి. పంచశీలలో అయిదవ శీలం చెప్పేటప్పుడు మత్తు పానీయాలను పమాదట్ఠానం అంటాం. అంటే ప్రమాదానికి, ఏమరుపాటుకు నిలయం. సిగాలునికి జూదం గురించి చెప్పినప్పుడూ అదే పమాదట్ఠానం అనే పదం వాడారు. కల్లు గ్లాసు, పాచిక రెండూ చేసే పని ఒకటే. ఎరుకను తీసేస్తాయి. ఎరుక పోయాక మిగతా శీలాలు వరుసగా జారుతాయి. ఇవ్వనిది తీసుకోవడం రెండవ శీలానికి భంగం. ఫోన్ ఎందుకు వేడెక్కిందంటే "చదువుకుంటున్న" అనడం నాలుగవ దానికి భంగం. ఆ పిల్లవాడు దొంగగా మొదలుపెట్టలేదు. ఏమరుపాటుతో మొదలుపెట్టి అక్కడిదాకా పోయాడు.

5. తాకడానికీ కోరడానికీ మధ్య

ఏమరుపాటు ఎక్కడ మొదలవుతుంది? పటిచ్చసముప్పాదంలో నాలుగు మెట్లు చూద్దాం. ఫస్స, వేదన, తణ్హ, ఉపాదాన. స్పర్శ, అనుభూతి, కోరిక, పట్టు.

తెర మీద పెట్టె మెరుస్తుంది, గల్లుమని శబ్దం వస్తుంది. కంటికి, చెవికి తాకింది. అది స్పర్శ. ఒళ్లంతా ఒక తీపి జలదరింపు, గుండె కొంచెం వేగం. అది వేదన. "ఇంకొక్కసారి" అనే మాట లేస్తుంది. అది తణ్హ. "వచ్చేదాకా వదలను" అంటే ఉపాదానం. కావలసిన వస్తువు అంచుదాకా వచ్చి తప్పిపోయినట్టు తెర చూపిస్తే, ఓడినా గెలవబోయినట్టే అనిపిస్తుంది. అప్పుడు ఓటమి కూడా తీపిగానే తగులుతుంది.

స్పర్శను ఆపలేం. అనుభూతిని ఆపలేం. అనుభూతికీ కోరికకూ మధ్య ఒక సందు ఉంది. సాధన అంతా అక్కడే. ఆట తయారుచేసినవాళ్లకు కూడా ఆ సందు తెలుసు. అందుకే అక్కడ రూపాయి కనపడకుండా చేశారు. కనపడితే మనిషి ఆగుతాడు. "ఇది అమ్మ వంట చేసిన డబ్బు" అని గుర్తొస్తుంది.

కాబట్టి ఈ పాఠం సారం ఒకే వాక్యంలో చెప్పొచ్చు. పేరు మార్చుకున్న రూపాయిని మళ్లీ రూపాయి అని పిలవాలి. ఉన్నది ఉన్నట్టు చూడటాన్ని యథాభూత దర్శనం అంటాం. అది పెద్ద మాట. దాన్ని ఇంత చిన్న చోట కూడా చేయవచ్చు.

6. నోట్లో దాచుకున్న పాచిక

జాతక కథల్లో లిత్త జాతకం ఉంది. బోధిసత్తుడితో ఒకడు పాచికలాడేవాడు. గెలుస్తున్నంతసేపు బాగానే ఆడతాడు. ఓడిపోయేటట్టు ఉంటే ఒక పాచికను గుట్టుగా నోట్లో వేసుకుని, పాచిక పోయిందని ఆట చెడగొట్టేవాడు. బోధిసత్తుడు అది కనిపెట్టి, ఒకనాడు పాచికలకు విషం పూసి తెచ్చాడు. వాడు మామూలుగానే నోట్లో వేసుకుని స్పృహ తప్పాడు. అప్పుడు బోధిసత్తుడు వాడిని చావనివ్వలేదు. మందు పోసి కక్కించాడు, కోలుకునేలా చూశాడు. ఆ తర్వాతే ఇట్లాంటి పని చేయవద్దని చెప్పాడు.

ఈ కథలో రెండు సంగతులున్నాయి. ఓటమిని దాచుకోవడమే విషం. రెండవది, ముందు కక్కించాలి, తర్వాత బుద్ధి చెప్పాలి. మనం ముందు కొడతాం. కొడితే పాచిక ఇంకా లోపలికి పోతుంది.

మన కథ అక్కడే మలుపు తిరిగింది. మూడో రోజు రాత్రి తండ్రి పిల్లవాడి పక్కన కూర్చున్నడు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నడు.

"నేను గూడ పోగొట్టిన బిడ్డా. మూడేండ్ల కింద రమ్మీల. మన దగ్గర నడవదంటే, ఫోన్‌ల ఊరు మార్చి ఆడిన. తొమ్మిది వేలు. మీ అమ్మకు ఇప్పటిదాంక చెప్పలే."

పిల్లవాడు తల ఎత్తకుండా, "నాకు ఎరికే నాయినా. నువ్వు ఆడుతుంటే చూసిన" అన్నడు.

తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అప్పటికి ఏమీ అనలేదు. పొద్దున లేచి ఇద్దరినీ కూర్చోబెట్టి, గోడకున్న క్యాలెండర్ వెనక 17,250, 9,000 అని పక్కపక్కన రాసింది. కింద కూడి 26,250 వేసింది. "ఇది ఇంటి అప్పు. ఇద్దరూ తీర్చాలె" అంది. ఇద్దరి పాచికలూ ఆ రోజు బయటికి వచ్చాయి. అప్పు ఇంకా తీరలేదు. కానీ ఇప్పుడది ముగ్గురికీ తెలిసిన అప్పు.

7. ఇంట్లో చేయదగిన సాధన

అసలు పేరు పెట్టండి. కొనే ముందు పైకి చెప్పాలి. "ఇది ఇన్ని రూపాయలు. నాయిన ఇన్ని గంటలు మోస్తే వచ్చినవి." 600 రోజు కూలి, ఎనిమిది గంటల పని అయితే గంటకు 75. ఒక 399 అంటే అయిదు గంటల పైన మోత. ఈ లెక్క పిల్లలతోనే చేయించండి.

మూడు శ్వాసలు ఆగండి. నొక్కబోయే వేలిని పక్కన పెట్టి, ఆనాపానలో లాగా మూడు శ్వాసలు గమనించాలి. కోరిక పోకపోవచ్చు. దాన్ని చూడగలిగితే చాలు. చూసిన కోరిక, చూడని కోరిక అంత బలంగా ఉండదు.

రాత్రి ఫోన్‌కు ఒక చోటు పెట్టండి. పడుకునేటప్పుడు ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట, పెద్దవాళ్లవి కూడా. తండ్రి ఫోన్ దిండు కింద ఉంటే కొడుకుకు చెప్పే మాటకు బలం ఉండదు.

తలుపులు వేయండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పవద్దు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పొదుపు డబ్బు ఉన్న ఖాతాను ఫోన్‌కు కలపవద్దు. కంపెనీలు పెట్టిన పరిమితుల మీదే ఆధారపడవద్దు. 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు వారికి పెట్టిన ఖర్చు పరిమితి రోజుకు 7,000 రూపాయలు. గోదాం కూలీకి అది పన్నెండు రోజుల సంపాదన.

సంపదను పంచండి. సిగాలునికి చెప్పినట్టు రాబడిని నాలుగు భాగాలు చేసి ఒకటి అనుభవానికి, రెండు పనికి, ఒకటి ఆపదకు ఉంచాలి. అనుభవించే భాగంలో పిల్లల ఆటకు కూడా కొంచెం చోటు ఉండొచ్చు. ఆడుకోవడం తప్పు కాదు. శామీర్‌పేట చెరువు గట్టున సాయంత్రం క్రికెట్ ఆడిన పిల్లవాడికి ఓడినా ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. ఆట మంచిదా కాదా తెలుసుకోవడానికి అదొక గుర్తు.

సాయం అడగండి. ఐడీ పేరుతో, గిఫ్ట్ పేరుతో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరకడం కష్టం. ఆపుకోలేకపోతున్నా, అప్పుల వల్ల చావు ఆలోచనలు వస్తున్నా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. అడగడం సిగ్గు కాదు. కళ్యాణ మిత్రుణ్ని వెతుక్కోవడం ధమ్మమే.

8. కూర్చుని మాట్లాడుకోవడానికి

ఒకటి: ఈ నెలలో మన ఇంట్లో పేరు మార్చుకుని పోయిన రూపాయలు ఎన్ని? రీచార్జ్, ఆట, పందెం, చిట్టీ, అన్నీ చెప్పుకోవాలి.

రెండు: పిల్లలు మన దగ్గర దాస్తున్నది ఏమిటని అడిగే ముందు, మనం వాళ్ల దగ్గర దాస్తున్నది ఏమిటి?

మూడు: "ఇంకొక్కసారి" అనే మాట మనకు ఏ వస్తువు దగ్గర ఎక్కువగా లేస్తుంది?

ఈ ప్రశ్నలను పెద్దవాళ్లు ముందుగా జవాబు చెప్పి, తర్వాత పిల్లలకు ఇవ్వండి. ఒక ఇంట్లో ఒక పాచిక బయటికి వచ్చినా ఈ పాఠం రాసిన పని నెరవేరినట్టే.

అందరూ ఎరుకతో ఉందురు గాక. నమో బుద్ధాయ.